వేడినీటి గొట్టములో చిక్కిన గాలి

పాఠశాల వార్షిక సంచికలో ప్రధానోపాధ్యాయుడు వ్రాయు వ్యాసము క్రమశిక్షణను గూర్చియో, పరీక్షాఫలితములను గూర్చియో యుండుట ఆచారము. ఈసారి ఆ యాచారమును కొంచెము దాటి, మన ఇండ్ల మిద్దెలమీదనున్న వేడినీటి యంత్రమును గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచితిని. ఇందుకు కారణము లేకపోలేదు. "ఇంట వేడినీరు రానందున పిల్లవాడు ఆలస్యముగా వచ్చుచున్నాడు, మన్నింపగలరు" అను చీటీలు చలిదినములలో నా బల్లమీదికి తరచుగా వచ్చుచుండును. ఆ తండ్రులతో మాటలాడగా, కొందరు బాగుగనున్న యంత్రమునే తీసివేసి క్రొత్తది కొనిరని తెలిసినది. అందు కొన్నిట నిజమైన లోపము పిడికెడు గాలి మాత్రమే. మరి నేనును ఒకప్పుడు ఈ విషయమున ప్రమాదకరమైన పొరపాటు చేసినవాడనే. ఆ సంగతి ముందు చెప్పెదను.

మా చిన్నతనమున పెరటి పొయ్యిమీద రాగి కాగు ఉండెడిది. నీరు కాగకున్నచో కారణము కంటికి కనబడెడిది: కట్టెలు తడిసియుండును, లేదా కాగు చిల్లిపడియుండును. ఇప్పుడు బెంగుళూరు వంటి నగరములలో ఆ కాగు స్థానమున మిద్దెమీద సూర్యరశ్మితో నీరు కాచు యంత్రము వెలసినది. దానిని మనము సోలారు అని పిలుచుచున్నాము. ఇది క్రొత్త సాధనమని పలువురు తలతురు గాని, అమెరికాలోని బాల్టిమోరు నగరవాసి క్లారెన్స్ కెంప్ 1891 లోనే ఇట్టి యంత్రమునకు పేటెంటు పొందెను. 1909 ప్రాంతమున కాలిఫోర్నియాలో విలియం బెయిలీ అనునతడు నీరు వేడెక్కు పలకను, వేడినీరు నిలువయుండు ట్యాంకును వేరుచేసి, రాత్రియు వేడి నిలుచునట్లు చేసెను. మన మిద్దెలమీది పలకల యంత్రము ఆ పద్ధతికి చెందినదే.

ఇందలి భాగములు అయిదు. అన్నిటికన్న ఎత్తున చన్నీటి తొట్టి. దాని క్రింద, వేడి పోకుండ చుట్టును దట్టమైన పొర గల వేడినీటి ట్యాంకు. దానికి దిగువన ఎండకు వాలుగా పరచిన పలక. గాజు క్రింద నల్లని పూత గల రాగిగొట్టములు ఈ పలకలోనుండును. కొన్ని యంత్రములలో పలకకు బదులు గాజుగొట్టములు నేరుగా ట్యాంకునకే తగిలింపబడియుండును. నాలుగవది, స్నానపుగదికి దిగు గొట్టము. అయిదవది, ట్యాంకు నెత్తినుండి నిటారుగా పైకిలేచి, కొనయందు వంగి ఊరకనే నిలుచు సన్నని గొట్టము. ఇది గాలిగొట్టము. చూచుటకు నిరుపయోగముగ తోచును. ఈ వ్యాసమంతయు నిజమునకు దానిని గూర్చినదే.

పలకల యంత్రములో నీటిని త్రిప్పుటకు పంపులేదు. పలకలో వేడెక్కిన నీరు తేలికయై తనంతట పైకిపోయి ట్యాంకులో చేరును. ట్యాంకు అడుగునగల చల్లని నీరు బరువుచేత పలకలోనికి దిగును. ఎండయున్నంతసేపు ఈ ప్రదక్షిణము సాగును. కాని దీనిని నడుపు బలమెంతయో చూడుడు. 20 డిగ్రీల వేడిమిగల లీటరు నీరు సుమారు 998 గ్రాములు తూగును. 60 డిగ్రీల నీరు 983 గ్రాములు తూగును. భేదము 15 గ్రాములు. ఒక మీటరు ఎత్తుగల చన్నీటి స్తంభమును, అంతే ఎత్తుగల వేడినీటి స్తంభమును ప్రక్కప్రక్కన నిలిపినచో, వాని ఒత్తిడులలోని భేదము 15 మిల్లీమీటర్ల నీటి ఎత్తునకు సమానము. అనగా బొటనవ్రేలి వెడల్పునకు మించదు. ఇంత స్వల్పమైన బలముతో నడచు ప్రవాహమును ఆపుటకు పెద్ద అడ్డంకి యక్కరలేదు. గొట్టము వంపులో నిలిచిన గాలిబుడగ చాలును.

ఈ గాలి ఎచ్చటినుండి వచ్చును? మూడు త్రోవలు కలవు. మొదటిది, నీటిలోనే గాలి కరగియుండును. 20 డిగ్రీలయొద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండగలదు. 60 డిగ్రీలయొద్ద అందు ఇంచుమించు సగమే నిలుచును. మిగిలినది బుడగలై వెలువడును. పొయ్యిమీది గిన్నెలో నీరు మరుగుటకు చాలముందే అంచులకు సన్నని బుడగలు పట్టుట ప్రతి తల్లియు చూచినదే. అది ఆవిరి కాదు, గాలియే. రెండవది, తొట్టి ఎండిపోవుట. నీరు దిగిపోయినపుడు గొట్టములలో గాలి నిండును. మరల నీరు వచ్చినపుడు ఆ గాలి అంతయు బయటికి పోజాలదు. మూడవది, గొట్టములను అమర్చుటలోని దోషము. పలకనుండి ట్యాంకునకు పోవు గొట్టము క్రమముగా ఎక్కుచునే యుండవలెను. మధ్య దిగి మరల ఎక్కినచో ఆ మిట్టయొద్ద గాలి నిలిచిపోవును. స్నానపుగదికి పోవు గొట్టము పిట్టగోడమీదుగా ఎక్కి దిగినచో అచ్చటను ఇదే కథ.

ఇక నా పొరపాటు సంగతి. స్నానపుగదిలో ధార చాలుట లేదని మా చన్నీటి తొట్టిని ఇనుప స్టాండుమీదికి ఎత్తించితిని. ధార పెరిగెను గాని, నాటినుండి గాలిగొట్టము కొననుండి నీరు కారసాగెను. తొట్టిలోని నీటిమట్టము గాలిగొట్టము కొనకన్న ఎత్తయినందున అట్లు జరుగుట సహజము. నీరు తన మట్టమును వెదకుకొనునని ముప్పదియేండ్లుగా పాఠము చెప్పుచున్న నేను ఆ సంగతి తలపకనే, నీరు వ్యర్థమగుచున్నదను తొందరలో, ఆ కొనకు మూత బిగించితిని. కారుట ఆగెను. బాగుచేసితినని సంతోషించితిని.

తరువాత 2024 వేసవి వచ్చెను. ఆ మార్చి మాసమున బెంగుళూరులో నీటి ఎద్దడి ఎంత తీవ్రముగ నుండెనో ఇచ్చటి తల్లిదండ్రులకు నేను చెప్పనక్కరలేదు. మా తొట్టి రెండుదినములు ఎండిపోయెను. మూడవనాడు ట్యాంకరు నీరు వచ్చి తొట్టి నిండెను. చన్నీటి కుళాయి నిండుగా పారుచుండెను. వేడినీటి కుళాయి మాత్రము రెండుమారులు దగ్గి, ఊరకుండెను. మరమ్మతునకు వచ్చినతడు మిద్దెయెక్కి, అయిదు నిమిషములలో దిగివచ్చి, "లోపలి ట్యాంకే పోయింది సార్, కొత్తది వేయాల్సిందే" అనెను. ముప్పదివేల రూపాయలు దాటు వ్యవహారము. ఆలోచించి చెప్పెదనని పంపితిని.

ఆ వారముననే ఎనిమిదవ తరగతివారికి గాలి ఒత్తిడిని గూర్చి చెప్పుచుంటిని. నూనె డబ్బాకు ఒక రంధ్రము చేసినచో నూనె సరిగా రాదు, గాలి లోనికి పోవుటకు ఎదుటి మూలను రెండవ రంధ్రము చేయవలెను అను ఉదాహరణము చెప్పితిని. ఉపాధ్యాయుడు తన ఇంటి కష్టమును తరగతిలో చెప్పుకొనరాదు గాని, మాటవరుసకు మా వేడినీటి సంగతియు చెప్పితిని. వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "మాస్టారూ, మరి మీ ట్యాంకుకు రెండో చిల్లు ఎక్కడుందండీ?" అని యడిగెను. నేను జవాబు చెప్పలేదు. నా చేతితో బిగించిన మూత నాకు కనబడెను.

సాయంకాలము పోయి ఆ మూతను మెల్లగా విప్పితిని. బుస్సుమని చాలసేపు గాలి వెడలెను. తొట్టినుండి దిగిన నీరు గొట్టములోని గాలినంతయు ట్యాంకు నెత్తికి నెట్టగా, పోవుటకు దారిలేక అది అచ్చటను, పిట్టగోడ మిట్టయొద్దను బిగిసియుండెను. తరువాత కుళాయిలను తెరచి, మిగిలిన గాలిని క్రింద చెప్పబోవు విధమున వెడలించితిని. మరునాడు గాలిగొట్టమునకు మరికొంత గొట్టము చేర్పించి, దాని కొన తొట్టి అంచునకన్న ఒక అడుగు ఎత్తుండునట్లు చేయించితిని. నీరు కారుట ఆగెను, వేడినీరు వచ్చెను. ఖర్చు కొన్ని వందల రూపాయలు.

మూత బిగించుటవలన కలుగు కీడు వేడినీరు ఆగుట మాత్రమే యైనచో ఇంత వ్రాయకపోదును. నూరు లీటర్ల నీరు 20 డిగ్రీలనుండి 60 డిగ్రీలకు వేడెక్కినపుడు సుమారు ఒకటిన్నర లీటర్లు పెరుగును. ఆ పెరిగిన నీటికి ఎచ్చటనో చోటు కావలెను. చన్నీరు వచ్చు త్రోవలో వెనుకకు పోనీయని వాల్వు ఉండి, గాలిగొట్టమును మూసియున్నచో, ఆ ఒత్తిడి అంతయు ట్యాంకు అతుకులమీద పడును. ఎండ తీవ్రమై ఆవిరి పుట్టినచో అది ఇంకను అపాయకరము. దీనికి విరుద్ధమైన అపాయమును కలదు. మూసిన ట్యాంకునుండి నీరు దిగిపోవునపుడు లోనికి గాలి చొరలేదు. బయటి వాయువు చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కిలోగ్రాము బరువుతో నొక్కుచుండును. పలుచని లోపలి ట్యాంకు సొట్టపడి నలిగిపోవచ్చును. మా ట్యాంకు చెడకుండుట నా తెలివి కాదు, అదృష్టము.

ఇప్పుడు ఎవరి ఇంటనైనను వేడినీరు రానిచో ఏమి చూడవలెనో వరుసగా చెప్పెదను.

ముందుగా లక్షణమును గుర్తింపవలెను. చన్నీటి కుళాయి పారుచు, వేడినీటి కుళాయినుండి ధారయే రానిచోగాని, దగ్గుచు చిమ్ముచు వచ్చుచున్నచోగాని, స్నానపుగదికి దిగు గొట్టములో గాలి నిలిచినదని ముందు అనుమానింపవచ్చును. ధార నిండుగా వచ్చుచు, మంచి ఎండ కాచినదినమునను చల్లగానే యున్నచో, సంగతి వేరు. పలకల యంత్రమైనచో మధ్యాహ్నము ఒకటి రెండు గంటలవేళ పలకపైనుండి ట్యాంకునకు పోవు గొట్టమును ట్యాంకు దగ్గర జాగ్రత్తగా తాకిచూడవలెను. పిడికిట పట్టరాదు, చేతివెనుక భాగముతో క్షణకాలము తాకిన చాలును. పలక కాలిపోవుచుండగా ఈ గొట్టము మాత్రము వేడిలేకయున్నచో, లోపల ప్రదక్షిణము ఆగినదని యర్థము. గాజుగొట్టములు నేరుగా ట్యాంకులో దిగియుండు యంత్రములో ఈ లోపము అరుదు.

గాలి లేకయే చన్నీరు వచ్చు సందర్భమొకటి కలదు. వేడి, చన్నీళ్ళు కలియు మిక్సరునకు చేతిగొట్టము తగిలించి, దాని కొనయందే నీరాపి, వెనుకనున్న రెండు త్రిప్పుళ్ళను తెరచియే విడుచుట పలువురికి అలవాటు. అప్పుడు ఎత్తైన తొట్టినుండి వచ్చు చన్నీరు రాత్రియంతయు వేడినీటి గొట్టములోనికి చొరబడుచుండును. తెల్లవారి కుళాయి విప్పినచో చన్నీరే. రెండు త్రిప్పుళ్ళను కట్టివేయుటయే దీనికి మందు.

గాలియే కారణమని తోచినచో, ఎండ ఎక్కకముందు ప్రాతఃకాలమున పని మొదలుపెట్టవలెను. పెద్దవారే చేయవలెను, పిల్లలను ప్రక్కన నిలుపరాదు. ట్యాంకులో విద్యుత్తుతో కాచు కమ్మి యున్నచో ముందుగా దాని స్విచ్చిని ఆపవలెను. నీరు లేక అది వేడెక్కినచో కాలిపోవును. మొదట, మిద్దెమీది తొట్టిలో నీరు నిండుగా నున్నదో లేదో చూడవలెను. రెండవది, ట్యాంకునకు చన్నీరు పోవు గొట్టముమీది వాల్వును, వేడినీరు దిగు గొట్టముమీది వాల్వును పూర్తిగా తెరచియున్నవో లేవో చూడవలెను. మూడవది, గాలిగొట్టమును చూడవలెను. దానిలో కందిరీగ గూడు కట్టియుండవచ్చును, ఎవరైన గుడ్డ దూర్చియుండవచ్చును, నావంటివాడు మూత బిగించియుండవచ్చును. నాలుగవది, ఇంటిలోని వేడినీటి కుళాయిలన్నిటిని తెరచి, అన్నిటికన్న దిగువనున్న కుళాయినుండి నీరు వచ్చువరకు ఆగవలెను. దిగువ కుళాయికి పైనుండి నీటిబలము అధికము గనుక గాలి మొదట అచ్చటనే వెడలును. దగ్గుట మాని ధార నిలిచిన తరువాత క్రిందినుండి పైకి ఒక్కొక్కటిగా కట్టవలెను.

ఇంతమాత్రమున రానిచో అయిదవ ఉపాయము: చన్నీటి బలముతో గాలిని వెనుకకు నెట్టుట. మిక్సరు గల కుళాయియొద్ద, నీరు వెలువడు మూతిని దళముగా మడచిన తడిగుడ్డతో అదిమిపట్టి, రెండు త్రిప్పుళ్ళను తెరవవలెను. బయటికి త్రోవలేనందున చన్నీరు వేడినీటి గొట్టములో ఎదురెక్కి, గాలిని ట్యాంకునకు నెట్టును. అది గాలిగొట్టముగుండ వెడలిపోవును. రెండుమూడు నిమిషములైన తరువాత చన్నీటిని కట్టి, వేడినీటిని మాత్రము విడిచి చూడవలెను. ఇట్లు రెండుమూడు సారులు చేయవలసిరావచ్చును. గుడ్డను తీయునపుడు ముఖమును ప్రక్కకు త్రిప్పుకొనవలెను, వేడినీరు హఠాత్తుగా చిమ్మవచ్చును. ఈ ఉపాయమునకు ఒక నియమము: ఆ చన్నీటి కుళాయి మిద్దెమీది తొట్టినుండి వచ్చునదై యుండవలెను. నగరపాలక సంస్థ మంచినీటి గొట్టమునుండి నేరుగా వచ్చు కుళాయియొద్ద ఈ పని చేయరాదు. అచ్చట ఒత్తిడి తగ్గినచో మన తొట్టి నీరు త్రాగునీటి గొట్టములోనికి వెనుకకు పోవచ్చును.

గాజుగొట్టముల యంత్రము గలవారు ఇంకొకటి మరువరాదు. తొట్టి ఎండి ఆ గొట్టములు ఖాళీగా ఎండలో కాలియున్నపుడు, మధ్యాహ్నమున చన్నీరు విడిచినచో గాజు పగులును. వేడిగాజు గ్లాసులో చన్నీరు పోసినట్లే. సూర్యాస్తమయమైన చాలసేపటికి గాని, తెల్లవారుజామున గాని నీరు నింపవలెను.

ఇన్నియు చేసినను ధార నానాటికి సన్నగిలుచున్నచో, అది గాలి కాదు, సున్నము. బోరుబావి నీటిలోని ఖనిజములు వేడికి గొట్టముల లోపల పొరకట్టును. టీ కాచు గిన్నె అడుగున పట్టు తెల్లని పొర యట్టిదే. దానిని తీయుట పనివాని వంతు. అట్లే అతుకులు కారుచున్నను, ట్యాంకు ఉబ్బియున్నను, విద్యుత్తు తగులుచున్నట్లు తోచినను మనము చేయిపెట్టరాదు.

మన పూర్వవిద్యార్థులలో కొందరు ఇంగ్లండులో నివసించుచున్నారు. అచ్చటి ఇండ్లలో స్నానమునకే కాక, గదులను వెచ్చపరచుటకును బాయిలరు ఉండును. అది కాచిన నీటిని పంపు త్రిప్పగా, గోడలకు తగిలించిన రేడియేటర్లలో ఆ నీరు పారును. వారికి కలుగు కష్టమును ఇదియే. రేడియేటరు క్రింద వేడిగాను, పైన చల్లగాను ఉన్నచో పైభాగమున గాలి చేరినదని గుర్తు. బాయిలరును ఆపి, నీరు చల్లారిన తరువాత, రేడియేటరు మూలనున్న చిన్న మరను దానికై యిచ్చిన తాళపుచెవితో కొంచెము ఎడమకు త్రిప్పినచో గాలి బుస్సుమని పోవును. నీటిచుక్క కనబడగానే మరల బిగింపవలెను. తరువాత బాయిలరు ఒత్తిడి ముల్లును చూడవలెను. చల్లగానున్నపుడు అది సామాన్యముగా 1 నుండి 1.5 బార్ల నడుమ నుండును. తగ్గియున్నచో యంత్రముతో వచ్చిన పుస్తకములో చెప్పినట్లు నీరు నింపవలెను. గ్యాసు బాయిలరు మూతను విప్పుట మాత్రము అచ్చటి చట్టప్రకారము నమోదైన పనివానికే తగును. చలికాలమున తల్లికి ఫోను చేసి, "అమ్మా, గది వెచ్చబడడం లేదు" అను కుమారునకు ఈ సంగతి చెప్పిన ఉపకరింపవచ్చును.

తుదకు పిల్లల విషయమై ఒక మాట. చాలదినములు చన్నీరు వచ్చిన కుళాయి హఠాత్తుగా బాగుపడినపుడు, ట్యాంకులో వేడి పేరుకొనియుండును. 60 డిగ్రీల నీరు కొన్ని క్షణములలోనే చర్మమును కాల్చును. పసివారి చర్మము మరింత పలుచన. బకెట్టులో చన్నీరు ముందు పట్టి, వేడినీరు తరువాత కలిపి, మన మోచేతితో చూచిన పిమ్మటనే బిడ్డకు పోయవలెను.

మా యింటి గాలిగొట్టమునకు ఇప్పుడు ఎఱ్ఱరంగు పూయించి, "దీనిని మూయరాదు" అని తెలుగున, కన్నడమున వ్రాయించితిని. మిద్దెయెక్కు పనివాడెవరైనను చదువుకొనును. మీరును ఒక ఆదివారము ఉదయమున పిల్లలను వెంటబెట్టుకొని మిద్దెయెక్కి, చన్నీటి తొట్టి ఏది, గాలిగొట్టమేది, దేని కొన ఎత్తుగనున్నదో వారిచేతనే చెప్పింపుడు. వారు అడుగు ప్రశ్నకు వెంటనే జవాబు తోచకున్నను చింతలేదు. నాకును ఆనాడు తోచలేదు.